నెయ్యి ఇడ్లీ లెక్క

బ్రాడీపేట,
గుంటూరు

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఆదివారం ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం చేసుకుని, విజయవాడ గాంధీనగరంలో టిఫిను తింటున్నప్పుడు, "ఇడ్లీ ఆవిరి మీద ఉడికిందే కదా తాతయ్యా, ఎన్ని తిన్నా ఏం కాదు కదా?" అని చిన్నవాడు అడిగితే, నోట్లో ముక్క ఉండడంతో తల ఊపి ఊరుకున్నాను. అలా ఊపడం తప్పని ఇంటికి వచ్చాక తోచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనం తిన్నది ఉత్త ఇడ్లీ కాదు, నెయ్యి కారప్పొడి ఇడ్లీ. పళ్ళెంలో ఇడ్లీల చుట్టూ నెయ్యి మడుగు కట్టిందనీ, ఆఖరి ముక్కతో నేను దాన్ని శుభ్రంగా తుడుచుకు తిన్నాననీ మీకు గుర్తుండే ఉంటుంది. మరునాడు మీ నాయనమ్మ చేత రెండు ఇడ్లీలు పెట్టించుకుని, అంతే మడుగు కట్టేవరకు టీ చెంచాతో నెయ్యి పోసి చూశాను. మూడు చెంచాలు పట్టింది. చెంచాకు 5 గ్రాముల చొప్పున 15 గ్రాములు, గ్రాము కొవ్వుకు 9 కేలరీల చొప్పున 135 కేలరీలు. ఇడ్లీలు రెండూ కలిపితే సుమారు 100. ఇడ్లీ తినడానికని వెళ్ళి, దానికంటే ఎక్కువ నెయ్యే తిని వచ్చామన్నమాట.

తిండి విషయంలో కేలరీ అని మనం వాడుకగా అనేది నిజానికి కిలోకేలరీ, అంటే ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే శక్తి. పిండిపదార్థాలూ మాంసకృత్తులూ గ్రాముకు 4 కేలరీలు ఇస్తే, కొవ్వు 9 ఇస్తుంది. హోటలు తిండిలో చిక్కంతా ఇక్కడే ఉంది: అన్నం ఎంత తిన్నామో కంటికి కనబడుతుంది, కడుపుకూ తెలుస్తుంది, నూనె మాత్రం కూరలో కలిసిపోయి లెక్కకు అందకుండా లోపలికి వెళ్ళిపోతుంది. దోసె పెనం దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. మాస్టరు నీళ్ళు చిలకరించి, చీపురుతో పెనం తుడిచి, పిండి పలచగా తిప్పి, అంచుల వెంట నూనె ఎంత ధారాళంగా పోస్తాడో తెలుస్తుంది. అందులో అతని తప్పేమీ లేదు. ఆ నూనె వల్లనే దోసె ఎర్రగా కరకరలాడుతుంది, మిరపలోని ఘాటు కొవ్వులోనే బాగా కరుగుతుంది కనుక మన గుంటూరు కారానికి ఆ రుచీ దాని వల్లనే వస్తుంది. మనం అడిగితే నూనె తగ్గించి వేస్తారు, నెయ్యి విడిగా గిన్నెలో ఇస్తారు. పిండి పెనం మీద పడకముందే అడగాలి, అంతే.

పదీ అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్ళు మెనూలో ప్రతి వంటకానికీ కేలరీలు చూపించాలనే నిబంధన 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. దానితోపాటు, చురుకుగా ఉండే సగటు వయోజనుడికి రోజుకు 2,000 కిలోకేలరీలు కావాలనే వాక్యం కూడా వేస్తారు. అది పెద్దవాళ్ళ లెక్క. ఎదిగే వయసులో, సాయంత్రమంతా ఆటలాడే మీరు ఆ అంకెను పట్టుకుని ముద్ద ముద్దకూ కూడికలు వేస్తూ కడుపు మాడ్చుకుంటే నేను ఒప్పుకోను. బిల్లు చూసినట్టు ఒకసారి చూసి వదిలేయండి. వీధి చివరి టిఫిను బండి మీద ఎలాగూ ఆ అంకె ఉండదు కాబట్టి కంటికే అలవాటు చేయాలి: మెరిసేది నూనె, చిక్కగా తెల్లగా ఉన్న గ్రేవీలో జీడిపప్పో మీగడో రెండూనో ఉంటాయి, కరకరలాడేది చాలావరకు నూనెలో వేగినదే. చికెన్ 65 కంటే తందూరీ ముక్క మేలని నేను చెప్పేది ఇందుకే.

బిర్యానీ గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే చెప్పినా మీరు మానరు. మన వైపు చాలా హోటళ్ళలో ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, దాన్ని ఇద్దరూ పంచుకుని పెరుగు పచ్చడి ఎక్కువగా వేయించుకోండి.

భోజనం హోటలులో తంతు వేరు. వడ్డించేవాడు అన్నం బేసినుతో వెనక నిలబడి, ఆకు ఖాళీ అయ్యీ అవకముందే ఇంకో గరిటె వేసేస్తాడు. మొహమాటపడి మనం "చాలు" అనేలోపు అది ఆకులో పడిపోతుంది, పారేయడానికి చెయ్యి రాదు. అందుకని నేను మొదటి వాయిలోనే అన్నం తక్కువ వేయించుకుని, పప్పూ కూరా ఎక్కువ అడిగి, రెండోసారి అతను వంగేసరికి ఆకు మీద చెయ్యి అడ్డం పెడతాను. మజ్జిగకు మాత్రం ఎప్పుడూ అడ్డం పెట్టను. కూల్‌డ్రింకుకు పెడతాను; 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది, దాని ఖరీదు 100 కేలరీలు, కడుపు నిండేది ఏమీ ఉండదు.

వచ్చే ఆదివారం మళ్ళీ అదే హోటలుకు వెళదాం. నెయ్యి విడిగా తెప్పిస్తాను, ఎవరి ఇడ్లీకి ఎంతో వాళ్ళే వేసుకోవచ్చు. ఆ రోజు కొలత కోసం నేను కొత్త నెయ్యి గిన్నె మూత తీశానని మీ నాయనమ్మ ఇంకా దెప్పుతూనే ఉంది; మీరు వచ్చి ఆ గొడవ కాస్త సర్దాలి.

మీ
తాతయ్య