పాత మినీని స్పోర్ట్స్ కారుగా కట్టడం: నన్ను రోజూ అడిగే అపోహలు, అసలు వాస్తవాలు

నేను ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర ఒక చిన్న షెడ్డులో పని చేస్తాను. పాత మినీలను పూర్తిగా విప్పి, తుప్పు తీసి, కొత్త ఇంజన్, కొత్త బ్రేకులతో మళ్లీ కట్టడం మా పని. మినీ అంటే ఇప్పుడు షోరూంలో కనిపించే పెద్ద కారు కాదు. 1959లో అలెక్ ఇస్సిగోనిస్ సామాన్య కుటుంబాల కోసం గీసిన బుల్లి బండి, 10 అంగుళాల చక్రాలు, 848 సీసీ ఇంజన్, 34 హార్స్‌పవర్. ఇక్కడి లాంగ్‌బ్రిడ్జ్ ఫ్యాక్టరీ నుంచే చివరి బండి 2000లో బయటికొచ్చింది. ఫొటోలు పెట్టిన ప్రతిసారీ మనవాళ్లు అవే మాటలు అంటున్నారు కాబట్టి అన్నీ ఒకేచోట చెప్పేస్తున్నాను.

అపోహ: పాత బాడీలో కొత్త ఇంజన్ పెడితే స్పోర్ట్స్ కారు అయిపోతుంది

కాదు. మొత్తం పనిలో ఇంజనే తేలిక. చాలామంది అడిగేది హోండా కంపెనీ కే20 ఇంజన్, అంటే 200 హార్స్‌పవర్ చుట్టుపక్కల. అసలు మినీలో గేర్ బాక్స్ ఇంజన్ కిందే ఉంటుంది, రెండింటికీ ఒకటే ఆయిల్, అందుకే అంత చిన్న జాగాలో పట్టింది. హోండాకి గేర్ బాక్స్ పక్కన ఉంటుంది, అది పాత ఫ్రేములో పట్టదు కాబట్టి ముందు భాగానికి స్టీల్ పైపులతో కొత్త సబ్‌ఫ్రేమ్ (ఇంజన్నీ, చక్రాలనీ మోసే చట్రం) కావాలి, కొన్ని కిట్లకైతే ముందు భాగాన్ని కోసి పొడవు కూడా పెంచాలి. ఇక ఆ రేకు బాడీ 34 హార్స్‌పవర్‌కి పుట్టింది. 200 పెడితే మలుపులో బాడీయే మెలి తిరుగుతుంది, అప్పుడు సస్పెన్షన్ ఎంత మంచిది పెట్టినా పని చేయదు, కాబట్టి అతుకులన్నీ మళ్లీ వెల్డింగ్ చేసి లోపల స్టీల్ పైపుల కేజ్ (పంజరం లాంటిది) కట్టాలి. 10 అంగుళాల చక్రంలో పెద్ద డిస్క్ బ్రేకు పట్టదు కాబట్టి చక్రాలు మార్చాలి, చక్రాలు పెద్దవైతే మడ్‌గార్డులు కొయ్యాలి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టే ఉంటుంది.

నేను కట్టిన మొదటి బండిలో ఇంజన్ ముందు పెట్టి బ్రేకుల పని చివరికి వదిలేశాను. టెస్టుకి తీసుకెళ్తే ఒక దిగుడు రోడ్డులో పెడల్ తొక్కగానే బండి ఎడమకి లాగేసింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ చేతులు వణకడం ఆగడానికి చాలాసేపు పట్టింది. అప్పటి నుంచి బ్రేకులు, సస్పెన్షన్ పూర్తయ్యాకే బండిలో ఇంజన్ పెడతాను.

అపోహ: హార్స్‌పవర్ ఎంత ఎక్కువైతే అంత మంచి స్పోర్ట్స్ కారు

1964 మాంటే కార్లో ర్యాలీని ప్యాడీ హాప్‌కిర్క్ 1071 సీసీ మినీ కూపర్ ఎస్‌తో (మినీలోనే వేగమైన రకం) గెలిచాడు. రెండో స్థానంలో ఉన్నది 4.7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఉన్న ఫోర్డ్ ఫాల్కన్. ఆ రోజుల్లో పెద్ద ఇంజన్లకి హ్యాండీక్యాప్, అంటే లెక్కలో కొంత కోత, ఉండేది, అది కలిసొచ్చిన మాట నిజమే. కానీ 70 హార్స్‌పవర్ బండి ఆ మంచు కొండల్లో వీ8తో పోటీ పడే దూరంలో ఉందంటే కారణం బరువు. మినీ సుమారు 650 కిలోలే. నన్ను అడిగితే బాగా కట్టిన 1275 సీసీ పాత ఇంజనే రోడ్డు మీద ఎక్కువ సంతోషం ఇస్తుంది. ముందు చక్రాలకి 200 హార్స్‌పవర్ ఇస్తే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్టీరింగ్ చేతిలోంచి లాక్కుంటుంది, దాన్ని అదుపులో పెట్టాలంటే ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రం జారినా రెండో దానికి శక్తి అందించే డిఫరెన్షియల్) అనీ, కొత్త డ్రైవ్ షాఫ్టులనీ ఇంకో ఖర్చు.

అపోహ: పాత చిన్న కారే కదా, చవకలో అయిపోతుంది

ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మినీ ఫ్లోరు, డోర్ల కింద అంచులు, వెనక సబ్‌ఫ్రేమ్ ముందు పోతాయి. ఒకాయన మెరిసిపోయే బండి కొని తెచ్చారు, అయస్కాంతం పెట్టి చూస్తే సగం చోట్ల అంటుకోలేదు. రంగు కింద అంతా పుట్టీ. ఆ బండికి టింకరింగ్‌కే అయిన ఖర్చుతో ఆయన కొత్త షెల్, అంటే ఖాళీ బాడీ, కొనుక్కోవచ్చు, విట్నీలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు కొత్త మినీ షెల్స్ చేస్తారు. 2017లో డేవిడ్ బ్రౌన్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన మినీ రీమాస్టర్డ్‌కి (పాత మినీని కొత్తగా కట్టి అమ్మేది) ఒక్కో బండికి 1000 గంటల పైనే పని చెప్పారు. మీ దగ్గర గంటకి ఎంత కూలీ ఉందో దాంతో గుణించుకోండి.

అపోహ: మీరు చరిత్రని పాడు చేస్తున్నారు

ఇందులో కొంత నిజం ఉంది. అసలు కూపర్ ఎస్ చెడకుండా దొరికితే నేను రంపం పెట్టను, ఎంత డబ్బిచ్చినా. కానీ మినీలు 53 లక్షల పైనే తయారయ్యాయి, తుప్పు పట్టి తుక్కుకి పోయే మామూలు బండిని కాపాడితే తప్పేంటి? పైగా కంపెనీలే ఈ పని చేశాయి. రెనో వాళ్లు 1980లో తమ సాదా ఫ్యామిలీ కారు రెనో 5 వెనక సీటు తీసేసి అక్కడ టర్బో ఇంజన్ పెట్టి అమ్మారు.

అపోహ: కట్టాక ఎక్కడైనా తిప్పుకోవచ్చు

బ్రిటన్‌లో 2025 ఆగస్టు దాకా పాయింట్ల లెక్క ఉండేది. పాత రిజిస్ట్రేషన్ నిలబడాలంటే మొత్తం 14లో కనీసం 8 రావాల్సి ఉండేది. మార్పు లేని బాడీకి 5, ఇంజన్‌కి 1 మాత్రమే. అంటే ఇంజన్ మారిస్తే పోయేది తక్కువగా, బాడీ కోస్తే పోయేది ఎక్కువగా ఉండేది. రాకపోతే విడిగా టెస్టు పాసై క్యూ నంబరు (ఏ ఏటి బండో తేల్చలేని వాటికిచ్చే రిజిస్ట్రేషన్) తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ రూలు మారింది, కాబట్టి పని మొదలుపెట్టక ముందే కొత్త రూల్స్ చూసుకోండి.

మన దేశంలో ఇంకా గట్టిగా ఉంది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ చెప్పినదానికి భిన్నంగా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మారుతీ 800లో పెద్ద ఇంజన్ పెట్టి రోడ్డెక్కిస్తానని నాకు మెసేజీ పెట్టే తమ్ముళ్లూ, దయచేసి వద్దు. ఆ 796 సీసీ ఇంజన్‌ని తక్కువ అనుకోకండి, ఫార్ములా మారుతీ రేసు కార్లలో ఉన్నది అదే, ఫార్ములా వన్ దాకా వెళ్లిన నారాయణ్ కార్తికేయన్ మొదట్లో రేసులు ఆడింది వాటిలోనే. నాన్నగారి 800 ఇంట్లో ఉంటే ముందు సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు, టైర్లు కంపెనీ సైజులోనే కొత్తవి వేయించి, కార్బురేటర్ శుభ్రం చేయించి, ఒక ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డులో నెమ్మదిగా నడిపి చూడండి. ఆ తర్వాత కూడా పెద్ద ఇంజన్ కావాలనిపిస్తే నాకు రాయండి, రేసు ట్రాక్ మీద మాత్రమే నడిపే బండి ఎలా కట్టాలో చెప్తాను.