ప్లైవుడ్ మందంలో పోయే లీటర్లు

ఇంట్లో పాటలకు సబ్‌వూఫర్ (బాస్, అంటే లోతైన ధ్వనుల కోసం వాడే స్పీకర్) బాక్సు వడ్రంగితో చేయించుకునేవారు ముందు తమ హాలును చూసుకోవాలి. నల్గొండ చుట్టుపక్కల కొత్తగా కట్టిన ఇళ్లలో హాలు ఎక్కువగా ఇలాగే ఉంటుంది: సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద షాబాద్ బండలో టైల్సో. వీటిలో ఏదీ బాస్‌ను పీల్చుకోదు. 12 అడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 48 హెర్ట్జ్ (సెకనుకు 48 కంపనాల) ధ్వని చిక్కుకుని అదేపనిగా మోగుతుంది. హాలు పొడవూ వెడల్పూ రెండూ 12 అడుగులైతే రెండు మోతలూ ఒకే హెర్ట్జ్ దగ్గర పడి మరీ బలపడతాయి. పరదాలు, రగ్గులు పైస్థాయి ధ్వనులనే తగ్గిస్తాయి, బాస్ జోలికి పోవు. పాత గూన పెంకుల ఇళ్లలో ఈ బాధ తక్కువ. తేలికైన ఆ కప్పు గుండా బాస్ చాలావరకు బయటికి పోయేది.

స్పీకర్లు కొనేటప్పుడు అట్టపెట్టె మీద వేలల్లో రాసే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) వాట్లను నమ్మకండి, దానికి స్థిరమైన నిర్వచనమే లేదు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాటుకు స్పీకర్ ఎంత శబ్దం ఇస్తుందో, చూడండి. 84 డెసిబెళ్ల స్పీకర్‌తో పోలిస్తే 87 డెసిబెళ్లది సగం వాట్లతోనే అంత శబ్దం ఇస్తుంది.

సబ్‌వూఫర్ లెక్క వేరు. అది గాలిని కదిపే పని. 80 హెర్ట్జ్ దగ్గర వచ్చే శబ్దమే 40 దగ్గరా రావాలంటే కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ కదిలే పొర) నాలుగు రెట్ల గాలిని కదపాలి. పైగా కోన్ ముందు పుట్టే తరంగాన్ని వెనక పుట్టేది రద్దు చేస్తుంది కాబట్టి వెనకదాన్ని బాక్సులో బంధించాలి. ఆ బాక్సు ఎంత ఉండాలో ముందే లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో ఇచ్చాడు, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు.

ఒక ఉదాహరణ. 10 అంగుళాల డ్రైవర్ (బాక్సులో బిగించే విడి స్పీకర్)తో వచ్చే వివరాల కాగితం మీద ఎఫ్ఎస్ (బాక్సు లేకుండా అది సహజంగా మోగే అనునాద స్థాయి) 30 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ మోత ఎంత అదుపులో ఉంటుందో చెప్పే అంకె) 0.4, వీఏఎస్ (కోన్‌ను పట్టి ఉంచే భాగాలంత బిగువు ఉండే గాలి పరిమాణం) 60 లీటర్లు అని ఉందనుకుందాం. పూర్తిగా మూసిన బాక్సుకు 28 లీటర్లు సరిపోతాయి, అంటే సుమారు 30×30×31 సెంటీమీటర్లు. ఇవి లోపలి కొలతలు. వడ్రంగి వీటినే బయటి కొలతలుగా తీసుకుని 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోస్తే లోపల మిగిలేది 19 లీటర్లే! 53 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన అనునాదం 61కి ఎక్కుతుంది, మోత ఆలస్యంగా ఆగుతుంది. ఒగ్గు డోలు మీద వేగంగా పడే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి కొలతలు చెప్పేటప్పుడు పక్కన "లోపల" అని రాసి ఇవ్వండి. డ్రైవర్ వెనక భాగం ఆక్రమించే చోటు కూడా కలపండి. అతుకుల్లో గాలి కారకుండా జిగురు నిండుగా పట్టించండి.

పోర్టు (గాలి వచ్చిపోయే గొట్టం) పెట్టిన బాక్సు ఇంకా దిగువకు వెళుతుందన్నది నిజమే. కానీ ఇలాంటి హాల్లో గోడలే బాస్‌ను పెంచుతాయి కనుక నా ఓటు మూసిన బాక్సుకే. తయారయ్యాక దాన్ని మీరు కూర్చునే చోట ఉంచి, పాట పెట్టి, గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. దెబ్బ ఎక్కడ సమంగా, స్పష్టంగా వినిపిస్తే సబ్‌వూఫర్‌ను అక్కడికి మార్చండి. క్రాసోవర్ (ఏ హెర్ట్జ్ కింది ధ్వనులు సబ్‌వూఫర్‌కు వెళ్లాలో నిర్ణయించే అమరిక) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టవచ్చు.