బుధవారం మధ్యాహ్నం క్లాసులు వద్దు: బ్రిటన్ విద్యార్థుల పాత పేచీ

చలికాలంలో ఒక బుధవారం, ఉదయం పదకొండున్నర. బ్రిటన్‌లో ఏదో ఒక యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు ఆగి ఉంది. హాకీ కర్రలు, కిట్ బ్యాగులు డిక్కీలోకి ఎక్కుతున్నాయి. కెప్టెన్ తలలు లెక్కపెడుతోంది. పదకొండు మందిలో ఇద్దరు తక్కువ. ఒకామె ల్యాబ్‌లో ఉంది, పన్నెండున్నర దాకా వదలరు. ఇంకొకామెకి ఒంటిగంటకి ట్యుటోరియల్ (కొద్దిమందితో జరిగే క్లాసు), హాజరు తప్పనిసరి. అవతలి ఊరు గంటన్నర దూరం, ఆట రెండింటికి. వాళ్ల కోసం ఆగితే మ్యాచ్ పోతుంది, ఆగకపోతే తొమ్మిది మందితో ఆడాలి.

బ్రిటన్‌లో యూనివర్సిటీ జట్ల మధ్య మ్యాచ్‌లకి బుధవారం మధ్యాహ్నమే అసలు పూట. "బుధవారం మధ్యాహ్నం క్లాసులు పెట్టొద్దు" అన్న డిమాండ్ పుట్టేది ఇలాంటి చోటే. స్టూడెంట్స్ యూనియన్‌లో క్రీడల పదవికి పోటీ చేసేవాళ్ల హామీల్లో ఇది తరచూ కనిపించే మాట. బయటివాళ్లకి ఇదేదో కొత్త సౌకర్యం అడుగుతున్నట్టు అనిపిస్తుంది. కానీ వాళ్లు అడుగుతున్నది కొత్తదేమీ కాదు. ఒకప్పుడు ఎవరూ అడగకుండానే ఉన్నది, కాగితం మీద పెట్టకపోవడం వల్ల జారిపోతున్నది, దాన్నే నిలబెట్టమంటున్నారు.

అసలు చదువుకి పొద్దున, ఒంటికి మధ్యాహ్నం అన్న పద్ధతి బ్రిటన్‌లో పాతదే. 19వ శతాబ్దపు కేంబ్రిడ్జిలో గణితం పరీక్షకి రాత్రింబవళ్లు తయారయ్యే కుర్రాళ్లు కూడా మధ్యాహ్నం రెండు గంటలు నడకకో, పడవ తెడ్డు వేయడానికో వదిలేసేవాళ్లు. ఆ రెండు గంటలు పోతే సాయంత్రం లెక్కలు సాగవని వాళ్ల నమ్మకం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల మధ్య పడవ పందెం 1829లో, రగ్బీ పోటీ 1872లో మొదలయ్యాయి. విద్యార్థులు కాలేజీల్లోనే కాపురం, నది కాలేజీ పక్కనే. అలాంటి చోట మధ్యాహ్నాన్ని కాపాడమని ఉద్యమం చేయాల్సిన పని ఎవరికీ పడలేదు.

మామూలు జనానికి ఆ వెసులుబాటు లేదు. వాళ్లకి ఆట అంటే ముందు సెలవు సంపాదించుకోవాలి. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టంతో బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకి, చిన్నవయసు వాళ్లకి శనివారం రెండింటికి పని ఆగిపోయింది, వాళ్లు లేకుండా మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకీ మెల్లగా ఆ పూట కలిసొచ్చింది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు శనివారం మధ్యాహ్నానికి అంటుకుపోవడానికి మూలం ఇక్కడే ఉంది. దుకాణాల వాళ్లకి మాత్రం శనివారమే బేరం. వాళ్లు వారం మధ్యలో ఒక పూట మూసుకునేవాళ్లు. 1911లో వచ్చిన షాపుల చట్టం ఆ వారపు ఒంటిపూటని గుమాస్తాల హక్కుగా రాసింది.

షెఫీల్డ్ వెన్స్‌డే అన్న ఫుట్‌బాల్ క్లబ్బు పేరు చాలామంది విని ఉంటారు. క్లబ్బుకి వారం పేరేమిటని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? 1820లో పుట్టిన ఒక క్రికెట్ క్లబ్బు సభ్యులకి బుధవారం పూట సెలవు ఉండేది, ఆడేది ఆ రోజే, అందుకని ఆ పేరు పెట్టుకున్నారు. 1867లో అదే క్లబ్బు ఫుట్‌బాల్ జట్టు పెట్టింది. టైంటేబులే జట్టుకి పేరైన సందర్భం ఇంకోటి ఉందో లేదో.

మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్ లాంటి పారిశ్రామిక నగరాల్లో యూనివర్సిటీలు లేచాక లెక్క మారింది. అక్కడి విద్యార్థుల్లో చాలామంది ఇంటి నుంచి వచ్చి పోయేవాళ్లు. సాయంత్రం క్లాసు అవ్వగానే రైలెక్కేస్తారు, శనివారం సొంత ఊళ్లో ఉంటారు. జట్టు కట్టాలంటే పనిరోజుల్లోనే ఒక పూట దొరకాలి. 1919లో ఇంగ్లాండ్, వేల్స్ యూనివర్సిటీలు కలిసి అథ్లెటిక్స్ పోటీల కోసం ఒక బోర్డు పెట్టుకున్నాయి. 1923లో విద్యార్థినులకి విడిగా ఇంకో బోర్డు వచ్చింది. ఒక కాలేజీ తనలో తాను ఆడుకున్నంతకాలం ఏ పూటయినా ఫర్వాలేదు. ఊరు దాటి ఆడాలంటే రెండు ఊళ్లూ ఒకే పూట ఖాళీగా ఉండాలి.

ఈ చిక్కు మిగతావాటికి లేదు. లైబ్రరీ వేళలు ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ పెట్టుకోవచ్చు. లీగ్ మ్యాచ్ అలా కాదు. ఒక చోట బుధవారం రెండింటికి లెక్చర్ పెడితే, నష్టం వంద మైళ్ల అవతల మైదానంలో రెడీగా నిలబడ్డ జట్టుకి కూడా. జట్టు రాకపోతే ఆడకుండానే ఎదుటివాళ్లకి గెలుపు రాసేస్తారు. అలాంటి గెలుపుతో సంబరపడే ఆటగాళ్లని నేనైతే చూడలేదు.

మరి సాయంత్రం ఆడుకోవచ్చుగా అంటారు. డిసెంబరులో లండన్‌లో నాలుగు కాకుండానే పొద్దు గూకుతుంది, ఉత్తరాన ఇంకా ముందే. అన్ని మైదానాలకీ ఫ్లడ్‌లైట్లు లేవు. శనివారమంటే మైదానాలు ఊరి క్లబ్బులవి, పైగా ఫీజులు కట్టుకోవాల్సిన ఈ రోజుల్లో విద్యార్థులకి పార్ట్‌టైం పని దొరికేది ఎక్కువగా వారాంతాల్లోనే. తిప్పి తిప్పి చూస్తే మళ్లీ బుధవారమే.

చాలాకాలం ఈ ఏర్పాటు ఎవరి అనుమతీ లేకుండా నడిచిపోయింది. దీని వెనక దేశవ్యాప్త చట్టం లేదు. ఆనవాయితీ, అంతే. విద్యార్థులు తక్కువ, గదులు ఎక్కువ, ఒక పూట ఖాళీగా వదిలినా ఎవరికీ బాధ లేదు. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ 1946లో వ్యాయామ విద్యని డిగ్రీలోనే చేర్చింది, ఆటని పక్కపనిగా చూడని రోజులవి.

తర్వాత కాలంలో మూడు మార్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 1963లో ప్రభుత్వం వేసిన రాబిన్స్ కమిటీ నివేదికతో ఉన్నత విద్య విస్తరించడం ఊపందుకుంది, 1992లో పాలిటెక్నిక్‌లు (మన డిప్లొమా కాలేజీల్లాంటివి కావు, డిగ్రీ చదువులూ చెప్పేవి) కూడా యూనివర్సిటీలయ్యాయి. జనం పెరిగినంతగా లెక్చర్ హాళ్లు పెరగలేదు. రెండోది, 1990ల్లో చదువు మాడ్యూళ్లుగా, అంటే విడివిడిగా ఎంచుకునే చిన్న కోర్సులుగా విడిపోయింది. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా సబ్జెక్టులు ఎంచుకుంటుంటే, క్లాసులు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా సర్దడం నరకం. మూడోది, డిపార్ట్‌మెంట్ గుమాస్తా నోటు పుస్తకంలో గీసుకునే టైంటేబుల్ వెళ్లి కేంద్ర కార్యాలయంలోని సాఫ్ట్‌వేర్‌లో పడింది. టైంటేబుల్ వేయడం కంప్యూటర్లకి సైతం కొరుకుడుపడని లెక్కల కోవలోదని 1976లోనే ముగ్గురు శాస్త్రవేత్తలు గణితపరంగా నిరూపించారు. అంటే పని మెషీన్‌కి అప్పగించినంత మాత్రాన అన్ని కోరికలూ తీరిపోవు.

గదుల లెక్క చూస్తే యాజమాన్యం బాధా అర్థమవుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఐదు రోజులకి 45 గంటలు. బుధవారం ఒంటిగంట తర్వాత మూసేస్తే ఐదు గంటలు పోయినట్టే, అంటే తొమ్మిదో వంతు. వంద గదులున్న చోట వారానికి 500 గది-గంటలు ఖాళీ. కొత్త భవనం కట్టే ఖర్చు తలచుకునే అధికారికి ఆ ఖాళీ కంట్లో నలుసులా ఉంటుంది. మరోపక్క ఇంగ్లాండ్‌లో ఫీజులు 1998లో ఏడాదికి 1,000 పౌండ్లతో మొదలై 2012కి 9,000 పౌండ్ల దాకా వెళ్లాయి. ఇంత కడుతున్నాం, మా పూట మాకివ్వరా అని విద్యార్థులు, ఇంత కట్టినవాళ్లకి క్లాసులు తగ్గిస్తే ఎలా అని యాజమాన్యం. ఇద్దరూ ఒకే బిల్లు చూపిస్తారు.

పోటీల నిర్వహణ మాత్రం ఈలోపు గట్టిపడింది. పాత సంఘాలు కలిసి 1994లో బూసా (బ్రిటిష్ యూనివర్సిటీల క్రీడా సంఘం) అయ్యాయి, అది 2008లో మరో సంస్థతో కలిసి బక్స్ (బ్రిటిష్ యూనివర్సిటీలు, కాలేజీల క్రీడా సంస్థ) అయింది. 50కి పైగా క్రీడలు దాని చేతిలో ఉన్నాయి, జట్టు ఆటల లీగ్‌లకి బుధవారమే అసలు రోజు. ఆనవాయితీగా ఉన్న పూట మీద ఇంత పెద్ద భవంతి లేచి కూర్చుంది, పునాది మాత్రం ఇంకా ఆనవాయితీయే.

అందుకే ఉద్యమాలు ఊరేగింపుల్లా కనిపించవు. ఒక క్లాసు, ఒక క్లాసుగా పోతుంది కాబట్టి ఉద్యమమూ అలాగే నడుస్తుంది: తీర్మానం, సంతకాలు, ఎన్ని క్లాసులు బుధవారం మధ్యాహ్నంలోకి జొరబడ్డాయో లెక్క, ఆ లెక్కతో అకడమిక్ కమిటీ ముందు కూర్చోవడం. చాలా చోట్ల గెలిచారు కూడా. బుధవారం పన్నెండు లేదా ఒంటిగంట తర్వాత డిగ్రీ క్లాసులు ఉండవని పలు యూనివర్సిటీలు విధానంలో రాసుకున్నాయి. పేచీ అంతా ఆ వాక్యం చివర "తప్పనిసరి పరిస్థితుల్లో తప్ప" అన్న తోకతో. నర్సింగ్ విద్యార్థికి ఆసుపత్రి వార్డు డ్యూటీ ఉంటుంది, టీచర్ శిక్షణలో ఉన్నవాళ్లకి బడి ఉంటుంది, పీజీ వాళ్లని చాలాచోట్ల ఆ వాక్యంలో కలపనే లేదు. ఆ తోక పట్టుకునే ల్యాబులు, ట్యుటోరియల్స్ లోపలికొస్తాయి.

విద్యార్థుల్లోనూ అందరిదీ ఒకే మాట కాదు. పిల్లలున్న తల్లికి, రోజూ రెండు గంటలు ప్రయాణించే కుర్రాడికి బుధవారం ఖాళీ కన్నా మూడు రోజుల్లో ముగిసే వారం మేలు. ఒక పూట మూస్తే ఆ క్లాసులు శుక్రవారం సాయంత్రానికి జరుగుతాయి. జట్టులో లేనివాళ్లని నాటకం, సంగీతం, స్వచ్ఛంద సేవ పేరుతో కలుపుకున్న యూనియన్లకే కమిటీలో బలం ఎక్కువ. ఆ పూట ఆటలకి మాత్రమే అన్నవాళ్లు ఒంటరైపోతారు, ఇది సబబే అనిపిస్తుంది నాకు.

అమెరికాలో గొడవ తలకిందులు. అక్కడ ఆట చదువుని మింగేస్తోందని కాలేజీ క్రీడల సంఘం 1991 నుంచి సీజన్‌లో సాధనకి వారానికి 20 గంటల హద్దు పెట్టింది. బ్రిటన్ విద్యార్థి అడిగేది అందులో నాలుగో వంతు.

టైంటేబుల్ సాఫ్ట్‌వేర్‌లో షరతులు రెండు రకాలు. ఒకటి దాటకూడనిది: ఒక టీచర్ ఒకేసారి రెండు గదుల్లో ఉండలేడు. రెండోది, వీలైతే పాటించేది. బుధవారం మధ్యాహ్నం ఏ జాబితాలో ఉందన్నదే ఇప్పుడు కమిటీల్లో యూనియన్ క్రీడల పదవికి ఎన్నికైన స్పోర్ట్స్ ఆఫీసర్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న. రెండో జాబితాలో ఉంటే, కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే సెప్టెంబరులో గదులు సరిపోని రోజున మెషీన్ మొదట వదిలేసేది ఆ జాబితాలోవే.