పర్లాకిమిడి పలక మీద మొదలైన ప్రశ్న

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం వైపు కొద్దిదూరం వెళితే బడిపిల్లల పలక మీద లిపి మారుతుంది. ఇళ్లలో మాట మాత్రం అంత త్వరగా మారదు. గజపతి జిల్లాలో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఒడియా పాఠ్యపుస్తకం ముందు కూర్చుంటాడు. కొండ మీది సవర తెగ పిల్లకు ఆ రెండు భాషలూ పరాయివే. అందరు పిల్లలకూ అందే బోధన సామగ్రి ఎలా ఉండాలన్న చర్చను ఈ మధ్య వచ్చినదిగా చెప్పుకుంటున్నాం గానీ, ఈ ఊళ్లో దాని వయసు నూరేళ్లు దాటింది.

1880లో గిడుగు వెంకట రామమూర్తి ఇక్కడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. సవరలతో పరిచయం పెరిగాక వారి భాష నేర్చుకుని, అందులో వాచకాలు, కథలు, పాటలు రాశారు. సొంత ఖర్చుతో వారికి బడులు పెట్టారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయలు ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు మంచి బడి నడపమన్నారు. కొండల్లో పట్టుకున్న మలేరియాకు క్వినైన్ వాడి వాడి ఆయన వినికిడి దెబ్బతింది. పుస్తకం పిల్లవాడి దగ్గరికి వెళ్లాలని నమ్మి పనిచేసిన మనిషి తానే చెవుడుతో మిగిలిన జీవితం గడిపారన్న సంగతి, ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే బరువుగా తోస్తుంది.

1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అదే ఏడాది మంగేయి గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. తరువాత బహుభాషా విద్య కార్యక్రమాలు వచ్చేసరికి ఆంధ్రలో సవర వాచకం తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో తయారైంది. ఒకే కొండకు రెండు వైపులా ఉన్న అక్కాచెల్లెళ్ల పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చదవలేని స్థితి అలా ఏర్పడింది.

చట్టాలు కూడా పిల్లలను భాషకు ఒకటి, వైకల్యానికి ఒకటిగా రెండు వరుసల్లో నిలబెట్టాయి. భాష సంగతి 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణలోనూ, 2009 విద్యాహక్కు చట్టంలోనూ ఉంది. వైకల్యం సంగతి 1995 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలోనూ ఉంది. నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్నవారికి పద్దెనిమిదేళ్ల వరకు పుస్తకాలు, ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని ఈ రెండోది చెబుతోంది. అచ్చు పుస్తకాన్ని, చూపులేనివారు వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిలీలోకో, శ్రవణ రూపంలోకో మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ దారి తెరిచింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే కొండభాష మాట్లాడే, చూపులేని పిల్ల ఈ రెండు వరుసల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడదు.

ఈ సరిహద్దుకు నిజంగా పనికొచ్చే ఏర్పాటు 1951లోనే వచ్చింది. భారతి బ్రెయిలీలో మన భాషల అక్షరాలకు ధ్వనిని బట్టి ఒకే చుక్కలు కేటాయించారు. తెలుగు ‘క’కూ ఒడియా ‘క’కూ ఆరు చుక్కల గడిలో ఎడమ నిలువు వరుసలో పైనా కిందా ఉన్నవి అవే రెండు చుక్కలు. చూపున్న పిల్లలు రెండు లిపులు విడివిడిగా దిద్దుకోవాలి. చూపులేని పిల్ల ఒకసారి వేళ్లతో పట్టుకున్న అక్షరం రెండు వైపులా చెల్లుతుంది. అట్ట మీద ఇక్కడి మహేంద్రతనయ నదిని దారంతో, ఒడ్డును ఇసుకతో అతికించిన పటాన్ని తరగతిలో తిప్పితే చూపున్న పిల్లలూ వేళ్లు ఆనించి చూస్తారు; అలాంటి పటానికి భాష అడ్డురాదు, దాని అంచున రాసే ఊళ్ల పేర్లకే వస్తుంది.

సవర దగ్గర మాత్రం పని ఇంకా మిగిలే ఉంది. ఆ భాషలో గొంతు దగ్గర ఊపిరి ఆపి పలికే ధ్వనులు ఉన్నాయి. వాటికి తెలుగులోనూ ఒడియాలోనూ అక్షరం లేదు. గిడుగు వాటిని విని, విడదీసి, గుర్తులు పెట్టుకుని రాసుకున్నారు. సవర పిల్ల వేళ్ల కింద పెట్టే పుస్తకం చేయదలచినవారు ముందుగా సవరలతో కూర్చుని, ఆ ధ్వనులు ఏ చుక్కలతో రాయాలో తేల్చుకోవాలి.