మిసిసిపీ కథ, ఇల్లినాయ్‌లో షూటింగ్

హాలీవుడ్ సినిమా ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’ (1967) కథ నడిచేది అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో. షూటింగ్ మాత్రం చాలావరకు ఉత్తరాదిన, ఇల్లినాయ్‌లో చేశారు. దక్షిణాదికి రానని నల్లజాతి హీరో సిడ్నీ పోటియర్ ముందే తేల్చేశాడు. స్టార్ హీరో మారాం అనుకుంటే పొరపాటే.

1964 వేసవిలో మిసిసిపీలో నల్లజాతివాళ్లను ఓటర్లుగా చేర్పించడానికి వందలాది విద్యార్థులు దిగారు. జూన్‌లో ముగ్గురు కార్యకర్తలను చంపి చెరువు కట్ట మట్టిలో పూడ్చేశారు. శవాలు ఆగస్టుకి గాని బయటపడలేదు. అప్పటికి ఉద్యమం దగ్గర డబ్బు నిండుకుంది. గాయకుడు హారీ బెలఫాంటే విరాళాలు పోగుచేసి, పోటియర్‌ని తోడు రమ్మన్నాడు. 70,000 డాలర్ల నగదు సంచీతో ఇద్దరూ రాత్రిపూట మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో దిగారు. ఊళ్లోకి వెళ్తుంటే తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ మనుషుల ట్రక్కు వెంటపడి, కారుని వెనకనుంచి గుద్దింది. పక్కకొస్తే కాల్చేస్తారని భయపడ్డ డ్రైవరు దాన్ని ముందుకు రానివ్వకుండా అడ్డంగా నడిపాడు. ఎలాగో బతికి బయటపడ్డారు.

1966లో ఈ సినిమా మొదలయ్యేనాటికి ఆ రాత్రిని పోటియర్ మర్చిపోలేదు. దర్శకుడు నార్మన్ జూయిసన్‌కి ఇల్లినాయ్‌లో స్పార్టా అనే ఊరు దొరికింది. బోర్డులు మార్చే పని లేకుండా కథలో ఊరికీ అదే పేరు పెట్టేశారు. కథేమో ఉక్కపోత రాత్రులది, బయటేమో చలి. నోట్లోంచి ఆవిరి కనబడకుండా నటులు ఐసుముక్కలు చప్పరించారట. పత్తితోటల కోసం మాత్రం టెనెస్సీలోని డయర్స్‌బర్గ్ వెళ్లక తప్పలేదు. అక్కడున్న కొద్ది రోజులూ పోటియర్ దిండు కింద తుపాకీ పెట్టుకుని పడుకున్నాడు.

నిజానికి కథలో జరిగే హత్య ఎవరు చేశారన్నది ఈ సినిమాలో అంత గట్టి ముడి కాదు. గుర్తుండిపోయేది చెంపదెబ్బ. తోట యజమాని ఎండికాట్ పూలమొక్కల గదిలో మర్యాదగానే మాట్లాడుతుంటాడు. తననే అనుమానిస్తున్నారని అర్థం కాగానే డిటెక్టివ్ టిబ్స్ (పోటియర్ వేషం) చెంప పగలగొడతాడు. టిబ్స్ క్షణం ఆగకుండా తిరిగి కొడతాడు. ‘చూశావుగా, ఏం చేస్తావు?’ అని ఎండికాట్ అడిగితే, పోలీసు చీఫ్ గిలెస్పీ నోట వచ్చిన జవాబు ‘తెలీదు’. తెల్ల దొరని నల్లవాడు తిరిగి కొట్టడం హాలీవుడ్ ప్రేక్షకులకి అంతవరకు దాదాపు తెలియని దృశ్యం.

1967 జులైలో జాతి అల్లర్లతో న్యూఆర్క్, డెట్రాయిట్ నగరాలు తగలబడ్డాయి. ఆగస్టులో సినిమా విడుదలైంది. మరుసటి ఏడాది ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. 8న జరగాల్సిన ఆస్కార్ వేడుకను 10కి వాయిదా వేశారు. ఉత్తమ చిత్రం సహా ఐదు అవార్డులు ఈ సినిమాకే వచ్చాయి. గిలెస్పీ వేషం కట్టిన రాడ్ స్టైగర్ ఉత్తమ నటుడిగా వేదికెక్కి పోటియర్ స్నేహానికి కృతజ్ఞతలు చెప్పాడు. స్టైగర్ నటన గొప్పదే, కాదనను. కానీ సినిమాని మోసిన పోటియర్‌కి ఆ ఏడాది నామినేషన్ కూడా దక్కలేదు.