స్కాన్ ఇంజెక్షన్ పడకపోతే గుండెకేమవుతుంది?

గుంటూరు కొత్తపేటలో మా పిన్నికి సీటీ స్కాన్. లోపలి భాగాలు స్కాన్‌లో స్పష్టంగా కనపడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి సంతకం పెట్టే కాగితంలో అలర్జీల వివరాలు అడిగారు. "నాకు రొయ్యలు పడవురా, ఇది చేయించుకోవచ్చా?" అంది భయంగా.

కాంట్రాస్ట్‌లో అయోడిన్ ఉంటుంది కాబట్టి రొయ్యలు పడనివాళ్లకి అదీ పడదని మన దగ్గర గట్టి నమ్మకం. కానీ రొయ్యల్లో చాలామందికి పడనిది ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్, అయోడిన్ కాదు. తప్పకుండా చెప్పాల్సింది వేరే ఉంది: ఇంతకుముందు ఇదే ఇంజెక్షన్‌కి దద్దుర్లు వచ్చాయా, ఆయాసం వచ్చిందా అన్నది.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, మూత్రం పడిపోయినట్టు ఉంటుంది. అది అలర్జీ కాదు, కాసేపట్లో తగ్గిపోతుంది. తీవ్రమైన రియాక్షన్ చాలా అరుదు. 1990లో వెలువడిన జపాన్ పరిశీలనలో, ఇప్పుడు వాడే రకం మందుతో అది పదివేలల్లో నాలుగు కేసులే.

ఆ అరుదైనది గుండెను కూడా పట్టుకోగలదు. అలర్జీని నడిపించే మాస్ట్ కణాలు చర్మంలోనే కాదు, గుండెలోనూ, దాని రక్తనాళాల గోడల్లోనూ ఉంటాయి. అవి ఒక్కసారిగా హిస్టమిన్, ట్రిప్టేజ్ లాంటి రసాయనాలు వదిలితే గుండెకి రక్తమిచ్చే మామూలు నాళమైనా బిగుసుకుపోవచ్చు. అప్పటికే కొవ్వు పేరుకుని ఉంటే ఆ పొర చిట్లి రక్తం గడ్డకట్టొచ్చు. స్టెంట్ ఉన్నవాళ్లకి అందులోనే గడ్డ కట్టొచ్చు. 1991లో దీన్ని వివరించిన గ్రీకు వైద్యుడు నికొలస్ కూనిస్ పేరుతోనే కూనిస్ సిండ్రోమ్ అంటారు.

దీని వైద్యం డాక్టర్లకీ కత్తిమీద సామే. ప్రాణం మీదికొచ్చిన అలర్జీకి మొదటి మందు తొడలో ఇచ్చే అడ్రినలిన్. అదే మందు గుండె మీద భారం పెంచుతుంది. అయినా బీపీ పడిపోయి ఊపిరి ఆడనప్పుడు దాన్ని ఆలస్యం చేయకూడదు. ఈసీజీతో, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్షతో గుండె సంగతి తెలుస్తుంది.

నాకు ఎక్కువ భయం మన అలవాటంటేనే. ఛాతీ పట్టేస్తే "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగేస్తాం. ఇంజెక్షన్ తర్వాత దురదతోపాటు ఛాతీ బరువెక్కినా, చెమటలు పట్టినా వెంటనే నర్సుకి చెప్పాలి.

స్కాన్ అయ్యాక తెనాలి బస్సు పోతుందని పిన్ని ఒకటే టెన్షన్. చేతికి సూది తీయించేసుకుంటానంది. వద్దని అరగంట బెంచీ మీద కూర్చోబెట్టాను. నర్సు వచ్చి ముంజేయి తిప్పి చూసి, "దురదేమైనా ఉందా అమ్మా? గుండెల్లో బరువుగా ఉందా?" అని అడిగింది. లేదంది. అప్పుడు సూది తీసి దూది అద్దింది.