జివ్వుమనే పన్ను: 10 గ్రాముల లెక్క

"చల్లటి నీళ్లు తగిలితే పన్ను ప్రాణం తీస్తుంది, వేడినీళ్లకి అంత బాధ ఉండదు. ఎందుకని? ఆ బాధని కొలిచే పద్ధతి ఉందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

రెండో ప్రశ్న ముందు చూద్దాం. నొప్పిని తూచే త్రాసు లేదు. తూచగలిగేది, ఎంత తాకిడికి నొప్పి మొదలైందన్నదే. ఒత్తిడిని గ్రాముల్లో అమర్చుకునే ప్రోబ్ అనే సన్నమొన పరికరం ఒకటి ఉంటుంది. చిగురు దిగిపోయి బయటపడ్డ పంటి వేరు మీద దాన్ని 10 గ్రాముల ఒత్తిడితో అడ్డంగా గీస్తారు. ఏమీ అనకపోతే 20, తర్వాత 30. "అబ్బా" అన్న చోటి అంకె రాసుకుంటారు. ఇంకో పరీక్షలో పక్క పళ్లు కప్పేసి, సెంటీమీటరు దూరం నుంచి ఒక్క సెకను గాలి ఊదుతారు. ఉలిక్కిపడినా ఓర్చుకుంటే 1, ఆపమంటే 2, నొప్పి అని చెప్పి మరీ ఆపమంటే 3.

ఇంత చిన్న తాకిడి లోపలి నరానికి ఎలా చేరుతుంది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. బడిలో పన్నుని రాయి ముక్కలా బొమ్మ గీయిస్తారు గానీ, ఎనామిల్ అనే గట్టి పైపొర కింద ఉండే డెంటిన్ అనే పొర నిండా సన్నటి గొట్టాలే. ఒక్కోదాని వెడల్పు ఒకటి రెండు మైక్రోమీటర్లు, లోపల ద్రవం. చల్లదనం తగిలితే ఆ ద్రవం బయటివైపు కదులుతుంది, వేడికి లోపలివైపు. బయటికి లాగినప్పుడే నరాల కొసలు ఎక్కువ రెచ్చిపోతాయి. మొదటి ప్రశ్నకి జవాబు అదే. గాలి ఊదితే ద్రవం ఆవిరై పైకి లాగుతుంది, తీపి తగిలినా బయటికి పీలుస్తుంది. 1960లలో స్వీడన్‌కి చెందిన దంత పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగాలతో ఈ సిద్ధాంతానికి బలం వచ్చింది. పంటిలో పురుగు తొలుస్తోందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. కదిలేది ఈ ద్రవమే.

ఇక లెక్క. గొట్టం వెడల్పు రెట్టింపైతే, అదే ఒత్తిడికి ప్రవాహం రెట్టింపు కాదు, 16 రెట్లు. వ్యాసార్థం నాలుగో ఘాతం అన్నమాట! 1987లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, జివ్వుమనే పళ్లలో తెరుచుకున్న గొట్టాలు మామూలు పళ్లకన్నా సుమారు 8 రెట్లు, వెడల్పు రెండు రెట్లు. 8ని 16తో గుణించండి: అదే ఒత్తిడికి ద్రవం ప్రవాహం సుమారు 128 రెట్లు.

చిగురు తీరు వేరు. అందులో గొట్టాలు లేవు, నొప్పి వాపుని బట్టి ఉంటుంది. పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచే ప్రోబ్‌ని సుమారు 25 గ్రాముల ఒత్తిడితో దించితే ఆరోగ్యంగా ఉన్న చిగురు సాధారణంగా ఓర్చుకుంటుంది, వాచిన చిగురు ఓర్చుకోదు.

మళ్లీ పంటి దగ్గరికొస్తే, గొట్టాల్ని మూసే రకం టూత్‌పేస్టు పని చేసేదీ ఆ 16 రెట్ల లెక్క మీదే. పూర్తిగా పూడ్చక్కర్లేదు. వెడల్పు సగమైతే ప్రవాహం పదహారో వంతుకి పడిపోతుంది. అప్పుడు అదే వేరు మీద, అదే ప్రోబ్‌తో, మళ్లీ 10 గ్రాముల నుంచి మొదలుపెట్టి చూస్తారు.